ఫిలమెంట్ ఎల్ఈడీ బల్బు కొలవడానికి ఏ మీటరు? కొలిచాక ఏ బల్బు?

మా బామ్మర్ది నల్లకుంటలో చిన్న కాఫీ షాపు పెట్టాడు. ఇటుక రంగు గోడలు, చెక్క బల్లలు, వాటి మీదుగా నల్ల వైర్లకు వేలాడే పన్నెండు ఫిలమెంట్ ఎల్ఈడీ బల్బులు. బల్బులు కొనడానికి హైదరాబాద్‌లో కరెంటు సామాను అమ్మే ట్రూప్ బజార్‌కి నేనూ వెళ్లాను. కౌంటర్లో షాపాయన క్లాంప్ మీటరు (వైరు చుట్టూ దవడ వేసి కరెంటు కొలిచేది) తీసి వైరుకు తగిలించి, "చూడండి సార్, 0.00. అసలు కరెంటే తీసుకోదు" అని చూపించాడు. డబ్బా మీద 4 వాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.9 అని అచ్చేసి ఉంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే దాంట్లో ఎంత వంతు నిజంగా వాట్లు అవుతుందో చెప్పేదే పవర్ ఫ్యాక్టర్. డజను కట్టించుకొని వచ్చేశాం.

షాపు తెరిచిన వారానికే గొడవ మొదలైంది. వచ్చినవాళ్లు ఫోన్లో తీసుకున్న వీడియోల్లో అడ్డంగా నల్లటి చారలు పాకుతున్నాయి. కౌంటర్లో కూర్చునే కుర్రాడు సాయంత్రానికి కళ్లు లాగేస్తున్నాయనేవాడు. మా ఇంటి హాల్లో వేరే కంపెనీ ఫిలమెంట్ బల్బు ఒకటి ఉంది, దాంతో ఎప్పుడూ ఇబ్బంది లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచాను. షాపు బల్బు 3.9 వాట్లు, 19 మిల్లీ ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.9. ఇంటి బల్బు 4 వాట్లు, 35 మిల్లీ ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.5. అంకెలు చూస్తే షాపు బల్బే మేలు. కళ్లకేమో ఇంటి బల్బే హాయి.

ఈ బల్బుల విషయంలో వాట్ల అంకె చెప్పేది చాలా తక్కువని నాకు అప్పుడు అర్థమైంది. క్యాప్‌లో ఉన్న చిన్న సర్క్యూట్ (డ్రైవర్) ఏ రకమో తెలిస్తేనే బల్బు సంగతి తెలిసినట్టు. గాజు పగలగొట్టకుండా బయటి నుంచి కొలిచే దాన్ని పట్టుకోవచ్చు. అయితే ఏ పరికరంతో కొలుస్తున్నామన్నది ముఖ్యం, ఎందుకంటే మామూలు లోడుకు నిజం చెప్పే మీటరే ఈ బల్బు దగ్గర తప్పు చెబుతుంది.

పాత మీటర్లకు ఇది ఎందుకు అందదు

ఆర్పిన ఫిలమెంట్ బల్బును దగ్గరగా చూడండి. లోపల పసుపు పూసిన సేమ్యా పుల్లల్లాంటివి నాలుగు కనిపిస్తాయి. ఒక్కో పుల్ల మీద పాతికకు పైగా బుల్లి నీలం ఎల్ఈడీ చిప్పులు వరుసగా కలిపి ఉంటాయి. పైన ఉన్న పసుపు పూత వాటి నీలం వెలుగులో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది, రెండూ కలిసి మన కంటికి వెచ్చని తెలుపులా కనిపిస్తాయి. ఈ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఒక్కో చిప్పుకు దాదాపు 3 వోల్టులు కావాలి. అంటే ఒక పుల్ల వెలగాలంటే సుమారు 70 వోల్టులు, నాలుగు పుల్లలు వరుసలో ఉంటే 280 వోల్టులు. మన 230 వోల్టుల సరఫరా శిఖరం 325 వోల్టులు కాబట్టి ఈ అమరిక సరిగ్గా సరిపోతుంది.

ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి బల్బు పిన్నులకు ఆనిస్తాడు. బీప్ రాదు. "పోయింది సార్, మార్చేయండి" అంటాడు. నిజానికి ఆ మీటరు ఇవ్వగలిగేది రెండు మూడు వోల్టులే. 280 వోల్టులు దాటితే గాని తలుపు తీయని బల్బు దానికి ఎలా జవాబిస్తుంది? పాత 60 వాట్ల బల్బు చల్లగా ఉన్నప్పుడు 60, 70 ఓములు చూపించేది, వెలిగాక 880 ఓములకు చేరేది. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. పరీక్షించే బల్బుకు ఇంకో బల్బును వరుసలో కలిపే సిరీస్ బోర్డులో పెట్టినా ఇంతే. ఎల్ఈడీ బల్బు మామూలుగా వెలుగుతుంది, పక్కనున్న 100 వాట్ల సిరీస్ బల్బు ఎర్రబడను కూడా ఎర్రబడదు. సిరీస్ బల్బు భగ్గున వెలిగితే మాత్రం లోపల షార్ట్ అయినట్టే. ఆ ఒక్క పరీక్షకు సిరీస్ బోర్డు ఇప్పటికీ బంగారం.

ఇక మీటర్ల సంగతి

బిల్లు మీద ఎంత పడుతుందన్నదే మీ టెన్షన్ అయితే ఏమీ కొనకండి. ఇంటి మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటు చాలు. మీటరు ముఖం మీద ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, చాలా మీటర్లకు 3200. ఫ్రిజ్, ఇన్వర్టర్ చార్జింగ్, సెట్‌టాప్ బాక్స్ అన్నీ ఆపేసి బల్బులు మాత్రమే వేయండి. రెండు మిణుకుల మధ్య సెకన్లు లెక్కపెట్టి, 1125ని ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. మీటరు 1600 రకం అయితే 2250ని భాగించాలి. మా పన్నెండు బల్బులకు మిణుకు మిణుకుకు మధ్య 24 సెకన్లు వచ్చింది, అంటే 47 వాట్లు. పది మిణుకులు లెక్కపెట్టి పదితో భాగిస్తే ఇంకా నమ్మకంగా ఉంటుంది. ఒక్క బల్బుతో ఈ పని పెట్టుకోవద్దు. మిణుకు కోసం నాలుగు నిమిషాలకు పైగా చూడాలి, పైగా అంత చిన్న లోడు మీటరు లెక్కలోకి సరిగా రాదు.

క్లాంప్ మీటరు ఈ పనికి కొనొద్దు. ఇంట్లో ఉంటే వాడుకోవచ్చు. ట్రూప్ బజార్‌లో మాకు 0.00 కనిపించడానికి కారణం తర్వాత తెలిసింది: ఆయన ఫేజు, న్యూట్రల్ రెండూ ఉన్న జంట వైరును మొత్తంగా దవడలో పెట్టాడు. వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఏ లోడు పెట్టినా సున్నాయే. ఫేజు వైరు ఒక్కటే పెట్టినా ఈ బల్బుకు 0.02 అనే చూపిస్తుంది, చివరి అంకె అటూ ఇటూ ఊగుతూ. సన్న వైరును దవడ చుట్టూ పది చుట్లు చుట్టి, వచ్చిన దాన్ని పదితో భాగించండి. 0.19 వస్తే 19 మిల్లీ ఆంపియర్లు. ఇంత చేసినా తెలిసేది ఆంపియర్లే, వాట్లు తెలియవు.

మల్టీమీటర్ విషయంలో ఒక్క మాట పట్టుకోండి: ట్రూ ఆర్ఎంఎస్. అంటే అల ఏ ఆకారంలో ఉన్నా నిజమైన విలువ లెక్క కట్టేది. మామూలు మీటరు సరఫరాను నున్నటి అలగా ఊహించుకొని సగటు నుంచి లెక్క కడుతుంది. ఈ బల్బు కరెంటు అలలా రాదు. అల శిఖరం దగ్గర మాత్రమే, సూదిమొనలా, క్షణకాలం లాగుతుంది. అందుకే మామూలు మీటరు నిజమైన దానికంటే మూడో వంతు దాకా తక్కువ చూపించడం నేను చూశాను. ట్రూ ఆర్ఎంఎస్ మీటరు కొనేటప్పుడు క్రెస్ట్ ఫ్యాక్టర్ (కరెంటు శిఖరం దాని ఆర్ఎంఎస్ విలువకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) ఎంతవరకు తట్టుకుంటుందో కాగితంలో చూడండి. సాధారణంగా 3 అని ఉంటుంది, ఈ సూదిమొన కరెంటు ఒక్కోసారి 4 దాటుతుంది.

మీటరును నేరుగా మిల్లీ ఆంపియర్ల గుంటలో పెట్టి సిరీస్‌లో కలిపితే ఇంకో చిక్కు. స్విచ్ వేసిన క్షణంలో బల్బులోని కెపాసిటర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, మీటరు ఫ్యూజు టప్పుమంటుంది. నేను రెండు ఫ్యూజులు పోగొట్టుకున్నాక పద్ధతి మార్చాను. కోఠి గుజరాతీ గల్లీలో 10 ఓముల, 1 వాట్, ఒక శాతం తేడా రెసిస్టర్ అడిగితే ఇస్తారు. దాన్ని న్యూట్రల్ వైపు సిరీస్‌లో పెట్టి, దాని రెండు చివరల మధ్య వోల్టేజీ కొలవడమే. 0.35 వోల్టులు వస్తే 35 మిల్లీ ఆంపియర్లు. ఆ జాయింట్లన్నీ ప్లాస్టిక్ డబ్బాలో మూసేసి, మీటరు వైర్లు ముందే బిగించి, అప్పుడే ప్లగ్ పెట్టాలి. న్యూట్రల్ అనుకున్నది ఎక్కడైనా తిరగబడి ఫేజు అయి ఉండొచ్చు, టెస్టర్‌తో చూడకుండా చెయ్యి పెట్టకండి. ఎర్త్ లీకేజ్ బ్రేకర్ లేని లైను మీద ఈ పని అసలు వద్దు.

చాలామందికి సరిపోయేది ప్లగ్గులో పెట్టుకునే వాట్ మీటరు. ఒక ప్లగ్, రెండు గజాల వైరు, ఒక పిన్ హోల్డర్ కలిపి చిన్న తాడు చేసుకుంటే వోల్టులు, ఆంపియర్లు, వాట్లు, పవర్ ఫ్యాక్టర్ అన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి, తీగలు తాకే పని లేదు. దీని బలహీనత చిన్న లోడు. 5 వాట్ల లోపు చవక మీటర్లు తడబడతాయి, ఒక్కోసారి 4 వాట్ల బల్బుకు 2 అంటాయి, ఒక్కోసారి 0 అంటాయి. పక్కన 100 వాట్ల బల్బు పెట్టి తర్వాత తీసేద్దామని కొందరు సలహా ఇస్తారు. చేయకండి, 100లో ఒక శాతం తప్పు అంటేనే ఒక వాట్, మనం కొలిచే దాంట్లో పావు వంతు. అదే రకం బల్బులు ఎనిమిదో పదో ఒకే బోర్డు మీద వెలిగించి భాగించడమే సరైన దారి. ఏ మీటరుతో కొలిచినా వెలిగించిన ఇరవై నిమిషాల తర్వాత అంకె రాసుకోండి. చిప్పులు వేడెక్కేకొద్దీ వాటి వోల్టేజీ దిగుతుంది, మొదటి నిమిషంలో రాసుకున్న వాట్లు నిలవవు.

ఆసిలోస్కోప్ గురించి ఎక్కువ చెప్పను. సూదిమొన కరెంటును కళ్లారా చూడాలంటే అదే దిక్కు, ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇంతకంటే మంచి పాఠం లేదు. కానీ టేబుల్ మీద పెట్టే స్కోప్ ప్రోబ్ ఎర్త్ క్లిప్పు నేరుగా గోడ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. అది ఫేజుకు తగిలిందంటే నిప్పురవ్వలే. బ్యాటరీ మీద నడిచే చేతి స్కోప్ గాని, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గాని లేకుండా మొదలుపెట్టవద్దు.

మూడు వోల్టేజీల పరీక్ష

నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఎక్కువ నిజం రాబట్టేది ఈ పరీక్ష. బల్బుకు 200, 230, 250 వోల్టులు ఇచ్చి, మూడు చోట్లా వాట్లు రాసుకోవాలి. వోల్టేజీని కావలసినంతకు తిప్పుకోవడానికి కాలేజీ ల్యాబుల్లో ఉండే డిమ్మర్‌స్టాట్ దొరికితే పని పది నిమిషాలు. అది లేకపోతే మన కాలనీ సరఫరానే వాడుకోవచ్చు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇవ్వాల్సింది 230కి 6 శాతం అటూ ఇటూ, అంటే 216 నుంచి 244 మధ్య. మే నెలలో రాత్రి పదింటికి వీధిలో ఏసీలన్నీ నడుస్తున్నప్పుడు ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి కొలవండి. మా మల్కాజిగిరి ఇంట్లో ఈ రెండింటి మధ్య పాతిక వోల్టుల తేడా చూశాను.

వోల్టేజీతో పాటు వాట్లూ, వెలుగూ రెండూ పెరుగుతూ పోతే లోపల ఉన్నది కెపాసిటర్ డ్రాపర్. సరఫరాకు సిరీస్‌లో ఒక కెపాసిటర్ పెట్టి కరెంటును అరికట్టే చవక పద్ధతి. నేను కొలిచిన ఒక బుల్లి రంగు బల్బు 200 దగ్గర 1.4 వాట్లు, 230 దగ్గర 1.7, 250 దగ్గర 1.9 తీసుకుంది. పవర్ ఫ్యాక్టర్ 0.2, 0.3 దగ్గర ఉంటుంది. వోల్టేజీ ఎగిరిన ప్రతిసారీ దెబ్బ చిప్పుల మీదే పడుతుంది.

230 నుంచి 250కి పోయినప్పుడు వాట్లు పెరిగి, వెలుగు మాత్రం అలాగే ఉంటే అది లీనియర్ రకం. కరెంటును ఒకేలా పట్టి ఉంచే చిన్న ఐసీ మిగులు వోల్టులన్నిటినీ వేడిగా మారుస్తుంది. మా ఇంటి హాల్లో బల్బు ఇదే. 230 దగ్గర 4 ఉన్నది 250 దగ్గర 4.3 అయింది, ఆ 0.3 వాట్లు పిన్ క్యాప్‌లో వేడిగా పోయాయి. 200 దగ్గర అల శిఖరం 283 వోల్టులే, నాలుగు పుల్లలకు 280 కావాలి. అందుకే అక్కడ వెలుగు ఒక్కసారిగా పడిపోయింది.

మూడు చోట్లా వాట్లు మారకుండా, వోల్టేజీ తగ్గినప్పుడు ఆంపియర్లు పెరిగితే స్విచ్చింగ్ డ్రైవర్. చిన్న కాయిల్‌తో పని చేస్తుంది. తక్కువ వోల్టేజీలోనూ వెలుగు తగ్గదు. దగ్గర పెట్టిన రేడియోలో గరగర వినిపిస్తే అదీ ఒక గుర్తు.

వెలుగు అలాగే ఉందో లేదో కళ్లతో తేల్చుకోలేం. ఫోన్లో లక్స్ చూపించే యాప్ పెట్టి, బల్బుకు అర మీటరు దూరంలో ఫోన్ కదలకుండా ఆనించి చూస్తే చాలు. అంకె కచ్చితం కాకపోయినా పెరిగిందా తగ్గిందా అన్నది తెలుస్తుంది.

మిణుకు

షాపు బల్బు అసలు రోగం ఇది. దాని డ్రైవర్‌లో కరెంటును నిల్వ చేసే కెపాసిటర్ లేదు. అది లేకపోతే కరెంటు వోల్టేజీ వెంటే నడుస్తుంది, పవర్ ఫ్యాక్టర్ చక్కగా 0.9కి వస్తుంది. కానీ 50 హెర్ట్జ్ సరఫరాలో అల సెకనుకు 100 సార్లు సున్నాను దాటుతుంది, బల్బు 100 సార్లు ఆరి వెలుగుతుంది. పాత బల్బు తీగ ఆ లోపు చల్లారేది కాదు కాబట్టి తెలిసేది కాదు. ఎల్ఈడీ తక్షణం ఆరిపోతుంది. చిన్న బల్బు డబ్బా మీద మంచి పవర్ ఫ్యాక్టర్ కనిపించినప్పుడు మిణుకు పరీక్ష తప్పక చేయమనేది ఇందుకే. పెద్ద బల్బుల్లో రెండూ బాగుండే సర్క్యూట్లు ఉన్నాయి, ఈ బుల్లి క్యాప్‌లో వాటికి చోటు తక్కువ.

తేలిక దారి ఫోన్ కెమెరా. స్లో మోషన్‌లో బల్బును తీయండి, లేదా ప్రో మోడ్‌లో షట్టర్ 1/2000 దగ్గర పెట్టి తెల్ల గోడను చూడండి. చారలు కనిపిస్తే పక్కన పెట్టేయండి. ట్రూప్ బజార్‌లో బల్బు వెలిగించి చూపించాకే ఇస్తారు కదా, ఆ హోల్డర్ దగ్గరే ఫోన్ తీయండి. అర నిమిషం పని.

అంకె కావాలంటే పాడైన సోలార్ గార్డెన్ లైటు పలకను ఊడదీసి, దాని రెండు తీగల మధ్య 100 ఓముల రెసిస్టర్ పెట్టండి. చీకటి గదిలో బల్బుకు జానెడు దూరంలో ఉంచి, మల్టీమీటర్‌తో డీసీ మిల్లీ వోల్టులు, తర్వాత ఏసీ మిల్లీ వోల్టులు కొలవండి. ఏసీని డీసీతో భాగించి 1.4తో గుణిస్తే మిణుకు శాతం దాదాపుగా వస్తుంది. అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ 2015లో ఇచ్చిన 1789 నంబరు సిఫార్సు ప్రకారం 100 హెర్ట్జ్ దగ్గర ఇది 8 శాతం లోపు ఉంటే ముప్పు తక్కువ. మా హాల్లో బల్బుకు డీసీ 92, ఏసీ 3 వచ్చింది, అంటే 5 శాతం లోపే. షాపు బల్బుకు ఏసీ డీసీలో దాదాపు సగం ఉంది. అంత ఊగిసలాటకు ఆ 1.4 లెక్క సరిపోదు, అక్కర్లేదు కూడా.

ఎవరు ఏది తీసుకోవాలి

ఇంటికి రెండు మూడు బల్బులు కొనేవారికి ఫోన్ కెమెరా ఒక్కటి చాలు, ఏ మీటరూ వద్దు. కాఫీ షాపు, బొటిక్, ఫంక్షన్ హాల్ లాంటి చోటుకు డజన్లలో కొనేవారు ప్లగ్ వాట్ మీటరు తీసుకోండి, ముందు నాలుగు రకాలు ఒక్కొక్కటి తెచ్చి ఫోన్ కెమెరా పరీక్ష, రెండు వేళల్లో వాట్ల పరీక్ష చేసి, ఆ తర్వాతే పెద్ద ఆర్డర్ ఇవ్వండి. డెకరేషన్ పని చేసేవారికి, రిపేర్ చేసేవారికి డిమ్మర్‌స్టాట్, ట్రూ ఆర్ఎంఎస్ మీటరు పెట్టుబడిగా పనికొస్తాయి.

బల్బుల్లో నా ఎంపిక ఇది. చదువుకునే బల్ల, వంటగది, జనం కూర్చునే చోటు, ఫోటోలు తీసే చోటు అయితే మిణుకు లేని లీనియర్ గాని స్విచ్చింగ్ గాని. సాయంత్రం వోల్టేజీ 210కి దిగే కాలనీ అయితే స్విచ్చింగే, లీనియర్ అక్కడ మసకబారుతుంది. మెట్ల దగ్గర, పోర్టికోలో, దేవుడి గది తోరణంలో మిణుకు బల్బు వాడినా నష్టం లేదు. చదరపు అల ఇచ్చే పాత ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కెపాసిటర్ డ్రాపర్ బల్బు మాత్రం వద్దు. ఆ అల నిటారు అంచుల దగ్గర కెపాసిటర్ మీద దెబ్బ మీద దెబ్బ పడుతుంది. ఒకే వాట్లకు పుల్లలు ఎక్కువ ఉన్న బల్బు కనిపిస్తే దాన్నే తీసుకోండి, ఒక్కో పుల్ల మీద భారం తగ్గి చల్లగా నడుస్తుంది. 2016లో ఫిలిప్స్ దుబాయ్ కోసం చేసిన బల్బు వాట్‌కు 200 ల్యూమెన్లు ఇచ్చింది ఈ కిటుకుతోనే.

పవర్ ఫ్యాక్టర్ 0.5 అని చూసి బిల్లు రెట్టింపవుతుందని భయపడవద్దు. ఇంటి బిల్లులో యూనిట్ అంటే కిలోవాట్ అవరే, 4 వాట్ల బల్బు 4 వాట్లకే కడుతుంది. ఇన్వర్టర్ సైజు లెక్కలో మాత్రం 4 బదులు 8 వోల్ట్ ఆంపియర్లు వేసుకోవాలి. పన్నెండు బల్బులకు దాదాపు 96.

షాపు బల్బులు పన్నెండూ ఇప్పుడు బామ్మర్ది అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర వెలుగుతున్నాయి. కాఫీ షాపులో లీనియర్ రకం పెట్టాం, వీడియోల్లో చారలు పోయాయి. ఒక కొత్త సమస్య వచ్చింది: స్విచ్ ఆపినా రాత్రి రెండు బల్బులు మిణుకుమిణుకుమంటున్నాయి. స్విచ్‌లో ఉన్న ఎర్ర ఇండికేటర్ గుండా జారే సన్న కరెంటు బల్బులోని కెపాసిటర్‌ను నింపుతూ ఉంటుంది, నిండిన ప్రతిసారీ బల్బు ఒక్కసారి వెలిగి ఆరుతుంది. ప్లగ్ మీటరు దీనికి 0.0 వాట్లు చూపించింది. గుజరాతీ గల్లీ నుంచి 0.1 మైక్రోఫ్యారడ్, 275 వోల్టుల ఎక్స్2 (మెయిన్ సరఫరా మీద నేరుగా వాడే రకం) కెపాసిటర్లు తెప్పించి, మెయిన్ ఆపి, ఆ రెండు హోల్డర్లకు సమాంతరంగా బిగించాం. ఆ రాత్రి షట్టర్ దించాక సందులోంచి లోపలికి చూశాం, పూర్తిగా చీకటి.